నెదర్లాండ్స్‌కు పోతున్న మన నల్లగొండ, పాలమూరు పిల్లలకు

ఈ ఎండాకాలం సెలవుల్లో దేవరకొండకు వచ్చినప్పుడు, ఆగస్టులో నెదర్లాండ్స్ ప్రయాణం పెట్టుకున్న ముగ్గురు పిల్లలు మా ఇంటికి వచ్చారు. ఒకరిది మిర్యాలగూడ, ఇద్దరిది నాగర్‌కర్నూల్ దిక్కు. రూము కిరాయి, సైకిలు, చలికోటు, అన్నీ అడిగారు. అంతసేపూ మాట్లాడకుండా కూర్చున్న మిర్యాలగూడ అమ్మాయి నాన్న చివరికి నోరు తెరిచాడు. "చెల్లె, ఆ దేశంల గంజాయి, ఒళ్లమ్ముకునుడు, మనిషిని సూదేసి చంపుడు, అన్నీ ఓపెనేనంట గదా. బిడ్డను అసొంటి కాడికి పంపాల్నా?"

ఆ భయం నాకు కొత్త కాదు. తొమ్మిదేళ్ల కింద నేను ఐండ్‌హోవెన్‌కు పోయినప్పుడు మా నాన్నదీ అదే భయం. ఆయనకు చెప్పిన మాటలే ఇక్కడ రాస్తున్నాను. పైగా అక్కడ ఆఫీసులో మధ్యాహ్నం బ్రెడ్డు తింటూ డచ్ వాళ్లు ఇవే విషయాలు వాదించుకుంటారు. "మీ దగ్గర ఎట్లా?" అని మిమ్మల్నీ అడుగుతారు. అప్పుడు మన చట్టం మనకే తెలియకుంటే బాగుండదు.

ముందు గంజాయి సంగతి. అక్కడ గంజాయికి చట్టం ఒప్పుకోలేదు. 1976లో తమ ఓపియం చట్టాన్ని మార్చి గంజాయిని హెరాయిన్ వంటి వాటి నుంచి వేరు చేశారు. అప్పటి నుంచి నడుస్తున్న పద్ధతికి వాళ్ల మాట "ఖెడోఖెన్". మన భాషలో చూసీ చూడనట్టు వదిలెయ్యడం. 18 ఏళ్లు నిండినవాళ్లకు, మనిషికి 5 గ్రాముల లోపు అమ్మితే పట్టుకోరు. దుకాణంలో 500 గ్రాములకు మించి ఉండకూడదు, ప్రచారం చేసుకోకూడదు. ఆ దుకాణం పేరే "కాఫీషాప్". కాఫీ కావాలంటే "కఫే" అని రాసి ఉన్న చోటికి పోండి, అమ్మానాన్నలు వచ్చినప్పుడు మరీ గుర్తుపెట్టుకోండి. ఇందులో ఒక చిక్కుంది. ముందు తలుపు నుంచి అమ్మితే వదిలేస్తారు, వెనక తలుపు నుంచి ఆ సరుకు తెచ్చిస్తే మాత్రం నేరం. ఇది సరిచెయ్యడానికే లైసెన్సు ఉన్న రైతులతో పండించి చూద్దామని 2023 డిసెంబరులో బ్రేడా, టిల్‌బర్గ్ ఊళ్లలో ప్రయోగం మొదలుపెట్టారు. అంటే దాదాపు యాభై ఏళ్లయినా వాళ్లింకా తేల్చుకోలేదు.

నాతో ఇల్లు పంచుకున్న ఒకతను గంజాయి కలిపిన కేకు తిన్నాడు. అరగంటకు ఏమీ కాలేదని ఇంకో ముక్క తిన్నాడు. తిన్నది ఎక్కడానికి గంట, రెండు గంటలు పడుతుందని అతనికి తెలియదు. రాత్రి పదకొండింటికి మెట్ల మీద కూర్చొని, రెండు చేతులతో గోడ పట్టుకుని "అక్కా, నా గుండె ఆగిపోతున్నది" అని ఏడ్చాడు. తెల్లారేదాకా పక్కనే కూర్చున్నాను. మీకు అట్లా కూర్చునే మనిషి ఉండకపోవచ్చు. గంజాయి మత్తులో బండి నడిపితే రోడ్డు మీదే ఎంగిలి పరీక్ష చేసి కేసు పెడతారు. మన దగ్గర 1985 మాదకద్రవ్యాల చట్టం ప్రకారం తాగడమే నేరం. కాబట్టి సంచిలో ఒక్క రేకు కూడా ఇంటికి తేవద్దు. ఇంకొకటి, దుబాయి మీదుగా పోయేవాళ్లు మసాలా పొడుల్లో గసాలు లేకుండా చూసుకోండి. అక్కడ గసాలు మాదకద్రవ్యం కింద లెక్క.

లంచ్ టేబుల్ దగ్గర నేను చెప్పేది మన కల్లు గురించి. కల్లు మన దగ్గర లైసెన్సుతో అమ్మేదే. కానీ పాలమూరులో చాలా దుకాణాల్లో అది చెట్టు కల్లు కాదు, ఆల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలిపిన నీళ్లు. దుకాణం బందైన రోజు తాగేవాళ్లు వణుక్కుంటూ, మతి తప్పి ఆసుపత్రికి వస్తారు. మా మేనమామను అట్లా మంచానికి కట్టేసి ఉంచడం నా కళ్లతో చూశాను. కాగితం మీద అనుమతి ఉండటం ఒకటి, గ్లాసులో ఏముందో రోజూ చూసేవాళ్లు ఉండటం ఇంకొకటి.

ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎర్ర లైట్ల వీధికి అందరూ ఒకసారి పోయి చూస్తారు. పోతే పోండి, కిటికీలో నిలబడ్డ ఆడవాళ్ల ఫొటో మాత్రం తియ్యొద్దు. వాళ్లకు ఇళ్లున్నాయి, పిల్లలున్నారు. 2000 అక్టోబరు 1 నుంచి అక్కడ వేశ్యాగృహాల మీద నిషేధం లేదు. మున్సిపాలిటీ లైసెన్సు కావాలి, ఆమ్‌స్టర్‌డామ్‌లో 21 ఏళ్లు నిండాలి, పన్ను కట్టాలి. దీనివల్ల వాళ్లకు రక్షణ దొరికిందని కొందరు, లైసెన్సు చాటున అమ్మాయిలను తరలించే ముఠాలు బతుకుతున్నాయని కొందరు ఇప్పటికీ కొట్లాడుతున్నారు. స్వీడన్ 1999లో దీనికి ఎదురుదారి పట్టి, కొనేవాణ్ని నేరస్థుణ్ని చేసింది. మన 1956 చట్టంలో ఒళ్లమ్ముకోవడం దానికదే నేరం కాదు. గృహం నడపడం, దాని మీద బతకడం, బహిరంగంగా పిలవడం నేరాలు.

నా మనసు మాత్రం పాలమూరు దగ్గరే ఆగుతుంది. చిన్నపిల్లకు దేవుడితో పెళ్లి చేసి జోగినిని చేస్తే ఊరంతా సరేనన్నది. 1988లో చట్టం తెచ్చి నిషేధించాల్సి వచ్చింది. ఆ పిల్ల ఇష్టం ఎవరూ అడగలేదు. అందుకే "తన ఇష్టంతోనే" అని ఎవరు అన్నా, ఏ వయసులో, ఎవరి ముందర, ఏ అప్పు కింద చెప్పిన ఇష్టమని నేను అడుగుతాను. డచ్ వాళ్లూ ఈ ప్రశ్నను గౌరవిస్తారు.

అన్నిటికంటే ఎక్కువ అపోహ కారుణ్య మరణం మీద. ముసలోళ్లను అక్కడ చంపేస్తారని మన ఊళ్లలో అనుకుంటారు. 2002 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఆ చట్టంలో మొదటి షరతే రోగి స్వయంగా అడగాలని. కొడుకు అడిగితే కాదు, కోడలు అడిగితే కాదు. బాధ భరించలేనిది, తగ్గే దారి లేనిది అయి ఉండాలి. సంబంధం లేని రెండో డాక్టరు వచ్చి చూడాలి. మరణం తర్వాత కేసు సమీక్ష కమిటీకి పోతుంది. ఇష్టం లేని డాక్టరు చెయ్యనని చెప్పొచ్చు. 2023లో ఇట్లాంటివి 9,068, మొత్తం మరణాల్లో సుమారు 5.4 శాతం. ఈ సంఖ్య పెరుగుతూ పోతుంటే అక్కడివాళ్లలోనే చాలామందికి గుబులుగా ఉంది.

మా పక్కింటి పెద్దావిడకు క్యాన్సరు. ఒకరోజు చాయ్‌కి పిలిచింది. కప్పు పక్కన ఎప్పటిలాగే ఒక్క బిస్కెట్టు. "వచ్చే గురువారం పోతున్నాను" అన్నది. ఏ ఊరికి అని అడగబోయి ఆమె మొహం చూసి ఆగిపోయాను. తన జిరేనియం కుండీ నా చేతిలో పెట్టి, వారానికి రెండుసార్లు నీళ్లు పోస్తే చాలని చెప్పింది. ఆ రాత్రి అమ్మకు ఫోన్ చేసి చెబితే చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత మా అమ్మమ్మను తలుచుకున్నది. మర్రిగూడ ఫ్లోరైడు నీళ్లతో నడుం వంగి, చివరి ఆరేళ్లు పక్కకు తిరిగి పడుకోవడానికి కూడా ఇంకొకరి చెయ్యి కావలసిన మనిషి. "నన్ను తీస్కపో దేవుడా అని రోజూ అనేది బిడ్డా. అది మొక్కులెక్క ఇన్నం" అన్నది అమ్మ.

మన సుప్రీంకోర్టు 2018 మార్చి 9న గౌరవంగా చనిపోయే హక్కును ఒప్పుకున్నది. సూది వేసి ప్రాణం తియ్యడానికి కాదు. కోలుకునే ఆశ లేనప్పుడు యంత్రాలు తీసెయ్యడానికి, ఆ మాట ముందే కాగితం మీద రాసుకోవడానికి. 2023లో ఆ పద్ధతిని కొంత సులువు చేసింది. ఇప్పుడు ఆ కాగితం మీద ఇద్దరు సాక్షులతో పాటు, మేజిస్ట్రేటు బదులు నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం చాలు.

అక్కడికి పోగానే ఇంటి దగ్గరి "హౌసార్ట్స్" దగ్గర, అంటే కుటుంబ డాక్టరు దగ్గర, పేరు రాయించుకోండి. అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే నర్సు "గుండె ఆగితే మళ్లీ కొట్టించే ప్రయత్నం చెయ్యాలా?" అని అడుగుతుంది. మా అమ్మను ఒట్టి జ్వరానికి చేర్చినప్పుడే అడిగారు. నా కాళ్లు వణికాయి, మా అమ్మను వదిలేస్తున్నారనుకున్నాను. అది అందరినీ అడిగే మాట, కారుణ్య మరణానికి సంబంధమే లేదు. "అన్నీ చెయ్యండి" అంటే అన్నీ చేస్తారు. కానీ ఆ జవాబు మీరు కాదు, వాళ్లు చెప్పాలి. అందుకని టికెట్టు బుక్ చేసేముందే ఇంట్లో కూర్చొని అడగండి.

నేనూ ఈసారి అడిగాను. అమ్మ అరుగు మీద చింతపండు గింజలు తీస్తున్నది. చెయ్యి ఆపకుండా విన్నది. "ఆలోచించి చెప్త తియ్" అన్నది. ఇంకా చెప్పలేదు. ఆదివారం ఫోన్‌లో మళ్లీ అడుగుతాను.