రెండో నెలలో ఖాళీ అయ్యే చాపలు

మా పేటలో నేను పిలాటిస్ (శ్వాసనూ కదలికలనూ అదుపులో ఉంచుకుంటూ చేసే వ్యాయామ పద్ధతి) స్టూడియో తెరిచిన తొలి నెలలో పన్నెండు చాపలూ నిండేవి. రెండో నెల సగానికి వచ్చేసరికి ఐదారుగురే మిగిలేవారు. రుసుము ఎక్కువైందేమోనని తగ్గించి చూశాను, ఫలితం లేకపోగా అద్దె కట్టడమే కష్టమైంది.

అసలు లోపం ఒకరోజు ‘హండ్రెడ్’ చేయిస్తుండగా కంటబడింది. వెల్లకిలా పడుకుని, ఐదు లెక్కలకు శ్వాస తీసుకుంటూ, ఐదు లెక్కలకు వదులుతూ, చేతులను నూరుసార్లు పైకీ కిందికీ ఆడించే ఈ వ్యాయామంలో పాతవారు కాళ్లు చాచి నిలకడగా ఉండగా, కొత్తగా చేరిన ఒకావిడ మెడ బిగబట్టి, నడుము చాప మీదినుంచి లేచిపోతుండగా, ముప్పై దగ్గరే ఆగి, మిగిలినంతసేపూ పైకప్పు చూస్తూ పడుకున్నారు. ఆమె మళ్లీ రాలేదు.

అప్పటినుంచి కొత్తవారికి విడిగా, ఆరుగురికి మించకుండా, ఎనిమిది తరగతులు నడుపుతున్నాను. మోకాళ్లు మడిచి, తల కింద మడతపెట్టిన తువ్వాలు ఉంచి, శ్వాసతోనే మొదలుపెడతాను. ఈ పద్ధతిని రూపొందించిన జోసెఫ్ పిలాటిస్ దీన్ని ‘కంట్రాలజీ’ (అదుపు విద్య) అన్నది ఊరికే కాదు కదా! స్ప్రింగులతో జారే బల్ల ఉన్న పిలాటిస్ పరికరం రిఫార్మర్‌ను కొనాలన్న తొందరను (అది అవసరం కన్నా నా ఆడంబరమే) వాయిదా వేసి, ఆ డబ్బుతో మరో శిక్షకురాలిని పెట్టుకున్నాను. ఆరు నెలలకు ఉదయం తరగతిలో చోటు కోసం ఎదురుచూసేవారు ఏర్పడ్డారు. సాయంత్రం తరగతి మాత్రం ఇంకా సగమే నిండుతోంది.