కమీషన్ శాతాన్ని చివర చూడండి: వెబ్‌సైట్‌కు అఫిలియేట్ ప్రోగ్రామ్ ఎంచుకునే పద్ధతి

ఒక కంపెనీ వస్తువుకు మన వెబ్‌సైట్‌లో లింకు పెట్టి, దాని ద్వారా జరిగిన అమ్మకం మీద కమీషన్ తీసుకునే ఏర్పాటే అఫిలియేట్ ప్రోగ్రామ్. నల్లగొండ జిల్లా పాఠకుల కోసం ఇంటి సామాన్ల గురించి రాసే ఒక వెబ్‌సైట్ ఉందనుకుందాం. యూవీ వాటర్ ప్యూరిఫయర్ అమ్మే కంపెనీ 10 శాతం, ఆర్‌ఓ ప్యూరిఫయర్ అమ్మే కంపెనీ 5 శాతం కమీషన్ ఇస్తామన్నాయి. శాతం ఒక్కటే చూస్తే మొదటిదే లాభం. కానీ యూవీ కిరణాలు సూక్ష్మక్రిములను చంపగలవే గాని, నీటిలో కరిగి ఉన్న ఫ్లోరైడ్‌ను తీయలేవు; అది ఆర్‌ఓ చేసే పని. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల ప్రజలను దశాబ్దాల పాటు పీడించినది ఆ ఫ్లోరైడే. తాగునీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. బోరు నీళ్లు తాగే కుటుంబం మన మాట నమ్మి యూవీ యంత్రం కొంటే మనకు కమీషన్ ముడుతుంది, వారికి మాత్రం ఆ నీళ్లే మిగులుతాయి. మిషన్ భగీరథ (ఇంటింటికీ తాగునీరిచ్చే ప్రభుత్వ పథకం) నీళ్లు సక్రమంగా వచ్చే ఊళ్లో అయితే ఆర్‌ఓ కూడా అక్కరలేదని రాయవలసి రావచ్చు. అందుచేత ఎంపికలో మొదటి పని ప్రోగ్రామ్‌లను వెతకడం కాదు. మన పాఠకుడికి ఏ వస్తువు నిజంగా పనికివస్తుందో ముందుగా రాసిపెట్టుకుని, ఆ వస్తువుకు ప్రోగ్రామ్ ఉందేమో తర్వాత చూడడం.

వస్తువు తేలాక అది పాఠకుడి ఇంటికి చేరుతుందో లేదో చూడాలి. హైదరాబాద్ పిన్‌కోడ్ వేస్తే మరుసటి రోజే వస్తుందని చూపే పెద్ద సామాను, దేవరకొండ, అచ్చంపేట వైపు పిన్‌కోడ్ వేయగానే డెలివరీ లేదని చూపవచ్చు. 508తోనూ 509తోనూ మొదలయ్యే నాలుగైదు పిన్‌కోడ్‌లు వేసి చూడడానికి పది నిమిషాలు చాలు. సర్వీస్ సెంటర్ నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఉందా, లేక మోటారు పాడైన ప్రతిసారీ నగరానికి మోసుకుపోవాలా అన్నది కూడా అప్పుడే కనుక్కోవాలి. గద్వాల, నారాయణపేట చీరల వంటి చేనేత వస్తువుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే పెద్ద ఆన్‌లైన్ అంగళ్లలో ఒకే పేరు కింద ఎందరో విక్రేతలు ఉంటారు, వారిలో కొందరు అమ్మేది మరమగ్గం చీర కావచ్చు. అటువంటి వాటికి పెద్ద అంగడి లింకు పెట్టేకంటే, నేరుగా అమ్మే నేతకారుల సంఘంతో కమీషన్ మాట్లాడుకోవడమే మేలని నా అభిప్రాయం.

ఇక షరతుల సంగతి. మార్కెట్ యార్డులో అడ్తి వ్యాపారం చూసినవారికి అఫిలియేట్ పద్ధతి కొత్తగా ఏమీ అనిపించదు: సరుకు ఒకరిది, కొనేవారు ఇంకొకరు, మధ్యలో కుదిర్చినవారికి కమీషన్. తేడా అల్లా యార్డులో దడ్వాయి (తూకం వేసేవాడు) అందరి ఎదుట తూస్తాడు, తక్‌పట్టీ (అమ్మకం లెక్క రాసిన చీటీ) చేతికి వస్తుంది. ఇక్కడ తూచేదీ కంపెనీయే, తక్‌పట్టీ రాసేదీ కంపెనీయే. కాబట్టి తూకం ఎలా వేస్తారో చేరకముందే చదువుకోవాలి.

ఆ తూకంలో ప్రధానమైనది కుకీ గడువు. పాఠకుడు మన లింకు నొక్కినప్పుడు అతని బ్రౌజర్‌లో ఒక గుర్తు పడుతుంది. అది చెల్లే కాలంలో కొంటేనే ఆ అమ్మకం మన ఖాతాలోకి వస్తుంది. 1996లో మొదలైన అమెజాన్ ప్రోగ్రామ్‌లో ఆ గడువు 24 గంటలు. ఆ లోపల వస్తువును కార్ట్‌లో వేసుకుని ఉంటే మాత్రం 89 రోజుల వరకు లెక్కిస్తారు. మిక్సీ జార్, టార్చిలైటు వంటి చిన్న వస్తువులకు 24 గంటలు సరిపోతాయి. పవర్ స్ప్రేయర్ కొనదలచిన పత్తి రైతు మాత్రం ఈరోజు చూసి, ఇంట్లో మాట్లాడి, పక్క చేను వారిని అడిగి, ఒక్కోసారి పంట డబ్బు చేతికి వచ్చాక కొంటాడు. అలా ఆలోచించి కొనే వస్తువులకు 30 రోజులో అంతకు మించో గడువు ఇచ్చే ప్రోగ్రామ్, శాతం కొంత తక్కువైనా, మెరుగు.

తర్వాత లెక్క వేయాలి. 600 రూపాయల వస్తువు మీద 10 శాతం అంటే 60 రూపాయలు. 9,000 రూపాయల వస్తువు మీద 4 శాతం అంటే 360. నూరు క్లిక్‌లకు మొదటిది మూడు, రెండవది ఒకటి అమ్ముడైతే రాబడి 180, 360. రెండవ రకం ఆర్డర్లలో నాలుగింట ఒకటి వాపసు పోతే సగటున 270 మిగులుతుంది. ఇవి పద్ధతి తెలియడానికి వేసిన అంకెలే గాని, శాతాలను కాక నూరు క్లిక్‌లకు చేతిలో మిగిలేదాన్ని పోల్చాలన్నది ఖాయం. వాపసు పోయిన ఆర్డరుకు కమీషన్ రాదు గనుక, వాపసులు ఎక్కువగా ఉండే రకాల విషయంలో ఆచితూచి నడవాలి. నేను మొదట చేరిన ఒక ప్రోగ్రామ్ నెల చివర సగానికి పైగా అమ్మకాలను కారణం చెప్పకుండా కొట్టివేసేది. అడిగితే జవాబు వచ్చేది కాదు. అప్పటి నుంచి చేరకముందే వారి సహాయ విభాగానికి ఒక ప్రశ్న పంపి, ఎన్నాళ్లకు సమాధానం వస్తుందో చూస్తున్నాను.

కనీస చెల్లింపు మొత్తం ఎంత, అమ్మకం జరిగాక ఎన్ని రోజులకు ఖాతాలో పడుతుంది, ఎంతకాలం అమ్మకం లేకపోతే ఖాతా మూసేస్తారు అన్న మూడింటినీ కాగితం మీద రాసుకోండి. అమెజాన్‌లో 180 రోజుల్లో మూడు అమ్మకాలు జరగకపోతే ఖాతా నిలిచిపోతుంది, కనుక పాఠకులు పోగవకముందే తొందరపడి చేరడం దండగ. సొంత లింకుతో మనమే కొనుక్కోవడం, ఇంట్లోవారి చేత కొనిపించడం అక్కడ నిషిద్ధం.

పన్ను విషయంలో, కమీషన్ మీద టీడీఎస్ (చెల్లించేటప్పుడే మినహాయించుకునే పన్ను) 2024 అక్టోబర్ 1 నుంచి 5 శాతానికి బదులు 2 శాతంగా కోస్తున్నారు. 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి 20,000 రూపాయలు దాటితేనే ఈ కోత వర్తిస్తుంది. పాన్ ఇవ్వకపోతే మాత్రం కోత 20 శాతానికి పోతుంది. సేవల మీద ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు అవసరం. మనలో చాలామందికి ఆ బెంగ ఇప్పట్లో లేదు.

అసలు తలుపే తీయకూడని ప్రోగ్రామ్‌లు కొన్ని ఉన్నాయి. చేరడానికి రుసుము అడిగేవి, వస్తువు అమ్మినందుకు కాక మనుషులను చేర్పించినందుకు డబ్బు ఇచ్చేవి అఫిలియేట్ ప్రోగ్రామ్‌లు కావు; 1978 నాటి మనీ సర్క్యులేషన్ నిషేధ చట్టం అటువంటి గొలుసు పథకాల కోసమే వచ్చింది. పందెం ఆటల యాప్‌లు అన్నింటికంటే ఎక్కువ కమీషన్ ఆశ చూపుతాయి. తెలంగాణ 2017లోనే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. 2025లో వచ్చిన కేంద్ర చట్టం వాటిని ప్రచారం చేసేవారికి రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చని చెబుతున్నది.

లింకు ద్వారా కొంటే మనకు కమీషన్ వస్తుందన్న సంగతిని వ్యాసం పైభాగంలోనే, లింకుల కంటే ముందు, తెలుగులో రాయాలి. పేజీ అడుగున చిన్న అక్షరాలలో దాచిపెడితే అది చెప్పినట్టు కాదు. తప్పుదోవ పట్టించే ప్రచారానికి వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మొదటి తప్పుకే 10 లక్షల వరకు జరిమానా వేయగలదు. లింకు కోడ్‌లో స్పాన్సర్డ్ అనే గుర్తు తగిలించమని గూగుల్ 2019 నుంచి కోరుతున్నది. వెబ్‌సైట్ తయారు చేసినవారిని అడిగితే ఒకసారి అమర్చి ఇస్తారు.

ఇవన్నీ దాటి రెండు ప్రోగ్రామ్‌లు మిగిలితే అప్పుడు శాతం చూసి ఒకదానితో మొదలుపెట్టండి. చేరిన రోజు షరతుల పేజీని తేదీతో సహా భద్రపరచండి, ఎందుకంటే రేట్లు మారినప్పుడు పాత మాటకు మన దగ్గర ఆధారం ఉండాలి. మూడు నెలల పాటు క్లిక్‌లు, ఆర్డర్లు, కొట్టివేసినవి, ఖాతాలో పడిన సొమ్ము విడివిడిగా ఒక నోటు పుస్తకంలో రాస్తూ రండి. ఆ లెక్కకూ కంపెనీ డ్యాష్‌బోర్డ్‌కూ (మన ఖాతా లెక్కలు చూపే పేజీకి) పొంతన కుదిరితేనే రెండవ వస్తువు లింకు పెట్టండి.