మీ పనికి లెక్క చెప్పండి: రెజ్యూమె నుంచి ఇంటర్వ్యూ దాకా

మీ రెజ్యూమె తెరిచిన మనిషి వెతికేది ఒక్కటే: ఈ అభ్యర్థి వస్తే మాకు ఏ తలనొప్పి తగ్గుతుంది? చాలా రెజ్యూమెలు ఆ ప్రశ్న జోలికే పోవు. "బిల్లింగ్ చూశాను, కస్టమర్లతో మాట్లాడాను, రిపోర్టులు తయారుచేశాను" అంటూ అప్పజెప్పిన పనులన్నీ ఏకరువు పెడతాయి. అదే కుర్చీలో కూర్చున్న ఎవరైనా ఇదే రాసుకోగలరు. మీరు కూర్చున్నాక ఏం మారిందో రాస్తే తప్ప మిమ్మల్ని వేరుచేసి చూడటానికి వాళ్లకు ఆధారం దొరకదు.

ముందు ప్రకటన చదవండి, పెన్ను పట్టుకుని

రెజ్యూమె జోలికి వెళ్లకముందే ఉద్యోగ ప్రకటన ముందేసుకోండి. ఒకటికి రెండుసార్లు వచ్చిన మాటల కింద, "తప్పనిసరి" అన్న ప్రతి అర్హత కింద గీత గీయండి. ఆ అర్హత ఎందుకు అడిగి ఉంటారో పక్కనే ఒక్క ముక్కలో రాయండి. "ఒత్తిడిలోనూ గడువు పాటించగలగాలి" అని ఉందంటే అక్కడ పనులు ఆలస్యమవుతున్నాయేమో. "వివిధ విభాగాలతో సమన్వయం" అని మూడుచోట్ల కనిపిస్తే ఫైళ్లు మధ్యలో ఎక్కడో ఆగుతున్నాయేమో. ఇది ఊహే. అయినా ఇంటర్వ్యూలో అడిగి తేల్చుకోదగ్గ ఊహ.

ఇప్పుడు ముఖ్యమైన నాలుగైదు అవసరాలకు మీ అనుభవం నుంచి తలా ఒక రుజువు రాసుకోండి. సగానికి కూడా రుజువు దొరకకపోతే ఆ దరఖాస్తుకు ఎంత మెరుగు పెట్టినా పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. ఆ సమయం మరో ఉద్యోగానికి పెట్టుకోవడం మేలు. ఒకే రెజ్యూమెను యాభై చోట్లకు పంపి ఎవరూ పిలవలేదని దిగులుపడేవాళ్లలో ఎక్కువమంది దాటేసిన అడుగు ఇదే.

ఒక్క లైను ఎలా తయారవుతుంది

"బిల్లింగ్ పనులు చూసుకున్నాను" అన్న లైనునే తీసుకుందాం. దీన్ని నాలుగు ప్రశ్నలు అడగాలి. ఎన్ని? ముందు ఎలా ఉండేది? మీరు ఏం చేశారు? తర్వాత ఎలా ఉంది?

రోజుకు 18 బిల్లులు, నెలకు 22 పనిదినాలు అనుకుంటే 396, అంటే సుమారు 400. అందులో తప్పుల వల్ల తిరిగొచ్చేవి వందకు 9: నెలకు 36. కారణం చూస్తే, ఎక్కువసార్లు పర్చేజ్ ఆర్డర్ (కొనేవాళ్లు ఇచ్చే ఆర్డరు పత్రం) నంబరు తప్పు పడటమే. పంపేముందు ఆ నంబరు, మొత్తం, పన్ను మూడూ సరిచూసే చెక్‌లిస్ట్ ఒకటి పెట్టాక వందకు 3 మాత్రమే తిరిగొస్తున్నాయి: నెలకు 12. ఇక లైను ఇలా వస్తుంది:

"నెలకు సుమారు 400 బిల్లులు చేశాను. పంపేముందు సరిచూసే చెక్‌లిస్ట్ పెట్టి, తిరిగొచ్చే బిల్లులను నెలకు 36 నుంచి 12కి తగ్గించాను."

24 బిల్లులు తగ్గాయి కదా, ఒక్కోదాన్ని సరిచేయడానికి 20 నిమిషాలు పట్టేదనుకుంటే నెలకు 8 గంటలు, అంటే ఒక పూర్తి పనిదినం మిగిలినట్టు. ఈ లెక్క రెజ్యూమెలో కుక్కకండి, ఇంటర్వ్యూకి దాచుకోండి. "67 శాతం తగ్గించాను" అని రాయాలన్న సరదా పుడుతుంది. మూడింటిని ఒకటికి తగ్గించినా అదే శాతం వస్తుందని అవతలివాళ్లకూ తెలుసు. అసలు అంకెలు వేస్తే అనుమానానికి తావుండదు.

"చెక్‌లిస్ట్ ప్రవేశపెట్టబడింది" లాంటి వాక్యాలు మాత్రం వద్దు. ఆ "బడింది"లో చేసిన మనిషి మాయమైపోతాడు.

అంకెలు దొరకనప్పుడు

పాత క్యాలెండర్, వార్షిక సమీక్షలో మీకు రాసిన మాటలు, సొంత డైరీ తిరగేయండి. ఇంకా ఉద్యోగంలోనే ఉంటే నెలకోసారి పావుగంట కూర్చుని, ఆ నెల చేసిన పనుల్లో చెప్పుకోదగ్గ రెండు మూడింటిని అంకెలతో రాసిపెట్టుకోండి. వెళ్లిపోయే రోజున గుర్తుచేసుకుందామంటే సగం గుర్తుండవు. సంస్థ ఫైళ్లు మాత్రం వెంట తెచ్చుకోకూడదు. రహస్యంగా ఉంచాల్సిన ఆదాయం, ఖాతాదారుల పేర్లు బయటపెట్టకూడదు. అలాంటిచోట "మూడో వంతు తగ్గింది", "రెట్టింపయింది" అంటే చాలు. పాత యజమాని రహస్యాలు చెప్పేవాడు రేపు మా రహస్యాలూ చెబుతాడని ఎదుటివాళ్లు అనుకోవడం సహజం.

కచ్చితమైన అంకె లేకపోతే "సుమారు" అని రాసి, మీ అంచనాల్లో తక్కువదాన్ని వేయండి. పరీక్ష ఒకటే: "ఎలా కొలిచారు?", "అందులో మీ వాటా ఎంత?" అన్న రెండు ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు రావాలి. రాకపోతే ఆ అంకె కొట్టేయండి.

కొన్ని పనుల ఫలితం ఏదీ జరగకపోవడమే. యంత్రం ఆగలేదు, ఆడిట్‌లో అభ్యంతరం రాలేదు, గడువు దాటలేదు. ఇవి చెప్పుకోవడానికి జనం మొహమాటపడతారు గానీ నిర్వహణ పనుల్లో అసలు విలువ ఇక్కడే ఉంటుంది. "14 నెలల్లో ఒక్క నెలవారీ రిపోర్టూ గడువు దాటలేదు" అన్నది గట్టి లైను. కొత్తగా చదువు ముగించినవాళ్లు ప్రాజెక్టుల్లో ఇదే వెతకాలి: పని ఎంత పెద్దది, ఎన్ని వారాల్లో అయింది, ఎవరైనా నిజంగా వాడారా.

రూపం

అనుభవం తక్కువైతే ఒక పేజీ, ఎక్కువైతే రెండు. పై భాగంలోనే ఈ ఉద్యోగానికి అతికే మూడు రుజువులు కనపడాలి. "కష్టపడే తత్వం, టీమ్ ప్లేయర్" లాంటివి తీసేయండి. రెండు కాలమ్‌లు, టేబుళ్లు, బొమ్మల్లో ఇరికించిన అక్షరాలు ఉంటే దరఖాస్తులు చదివే సాఫ్ట్‌వేర్ తికమకపడొచ్చు. ఫైలులో ఉన్నదంతా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడండి. వరస చెదిరినా, ఫోన్ నంబరు మాయమైనా సాదా రూపానికి మార్చండి.

ఇంటర్వ్యూలో

అయిదారు సంఘటనలు సిద్ధం చేసుకోండి. వాటిలో ఒకటి పని చెడిపోయినది, ఒకటి ఎవరితోనో అభిప్రాయభేదం వచ్చినది కావాలి. ఒక్కోటి 90 సెకన్లు: పరిస్థితికి 15, మీరు చేసినదానికి 60, ఫలితానికి 15. ఫోన్‌లో రికార్డు చేసుకుని వింటే తెలుస్తుంది, చాలామంది పరిస్థితి చెప్పడానికే నిమిషం తినేస్తారు. ఫలితం దగ్గరికి వచ్చేసరికి ఎదుటివాళ్లు తర్వాతి ప్రశ్న చూసుకుంటుంటారు.

మన మాటతీరులో ఇంకో చిక్కుంది. గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుందని "చేశాం, పెట్టాం, సాధించాం" అంటూ పోతాం. వినేవాళ్లకు మీరు ఏం చేశారో అంతుపట్టదు. అలాగని అంతా "నేనే" అంటే అబద్ధం. "అయిదుగురం కలిసి చేశాం, అందులో డేటా సరిచూసే భాగం నాది" అంటే వినయమూ ఉంటుంది, లెక్కా తేలుతుంది.

మీ వంతు వచ్చినప్పుడు ఇది అడగండి: "ఈ ఉద్యోగంలో చేరినవాళ్లు మొదటి మూడు నెలల్లో ఏం చేస్తే మీకు తృప్తిగా ఉంటుంది?" ప్రకటన చదివినప్పుడు మీరు ఊహించిన ఇబ్బంది నిజమో కాదో ఇక్కడ తేలుతుంది. జవాబును బట్టి మీ అయిదారు సంఘటనల్లో సరిపోయేది అప్పటికప్పుడు చెప్పొచ్చు. వీలైతే ఈ ప్రశ్నను చివరిదాకా దాచకండి. త్వరగా అడిగితే మిగతా సంభాషణంతా దాని చుట్టూ నడుపుకోవచ్చు.

జీతం మాట వచ్చినప్పుడు ఇంటి అప్పు, పిల్లల ఫీజులు ప్రస్తావించకండి. మీ ఖర్చులు మీ పని విలువను పెంచవు. ఆ తరహా పనికి బయట ఎంత ఇస్తున్నారో ముందే కనుక్కుని, ఒక అంకె చెప్పి, కారణంగా ఒక రుజువు జోడించి ఆగండి. ఆ తర్వాతి మౌనాన్ని భరించలేక మీ అంకెను మీరే తగ్గించేసుకోవద్దు.

మర్నాటిలోగా అయిదారు లైన్ల మెయిల్ పంపండి. ధన్యవాదాలకు ఒక లైను చాలు. మిగతావాటిలో వాళ్లు చెప్పిన ఇబ్బంది ఒకదాన్ని వాళ్ల మాటల్లోనే గుర్తుచేసి, అలాంటిది మీరు ఎక్కడ, ఎలా సరిదిద్దారో రాయండి. ఇంటర్వ్యూలో చెప్పడం మరిచిన అంకె ఏదైనా ఉంటే, ఆ 8 గంటల లెక్క లాంటిది, అది కూడా ఇందులోనే.