ఒట్టి చేతుల మాంక్: ఐదో పాఠం

ఈ వారం డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే, పాత్రలు ధరించి ఆడే పాచికల ఆటలోని అట్యూన్‌మెంట్ (మాయ వస్తువును మనకు అలవాటు చేసుకోవడం) గురించి చెబుతానని మాట ఇచ్చాను. దాన్ని చివర్లో నాలుగు ముక్కల్లో తేల్చేస్తాను. పోయిన పాఠం లెక్కకు మీరు పంపిన జవాబులు చూశాక ముందుకు వెళ్లడానికి మనసొప్పలేదు.

లెక్క గుర్తుందా? 5వ లెవెల్ మాంక్ (ఒట్టి చేతులతో పోరాడే సన్యాసి), ఎదురుగా వేర్‌వుల్ఫ్ (తోడేలుగా మారే మనిషి). జట్టులోని మంత్రగాడు మాంక్ పిడికిలి మీద, ఆయుధానికి మాయ ఎక్కించే మ్యాజిక్ వెపన్ మంత్రం వేస్తే గుద్దు పని చేస్తుందా? చేస్తుందని దాదాపు అందరూ రాశారు. చేయదు.

ఆదివారం తిరుపతి బైరాగిపట్టెడలో మా మేడ మీద ఆడుతున్నప్పుడూ ఇదే తంతు. మాంక్‌ను ఆడిస్తున్న కుర్రవాడు వేసిన ఇరవై ముఖాల పాచిక దొర్లి దొర్లి టీ గ్లాసుకు తగిలి 9 దగ్గర ఆగింది. 9కి మాంక్ దాడి బోనస్ 6 కలిపితే 15. మనిషి రూపంలో ఉన్న వేర్‌వుల్ఫ్ ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే అందుకోవాల్సిన అంకె) 11, కాబట్టి తగిలింది. దెబ్బ ఎంతో తేల్చే డీ6 (ఆరు ముఖాల పాచిక) వేస్తే 5, దానికి మాంక్ గుద్దుకు బలం బదులు వాడే డెక్స్ (చురుకుదనం) బోనస్ 3, మొత్తం 8. వాడు చంకలు గుద్దుకుంటుంటే నేను "సున్నా" అన్నాను. మాయ లేని దెబ్బలు దానికి అంటవు. "సార్, పుస్తకంలోనే గుద్దును మెలీ వెపన్ అటాక్, అదే దగ్గరి నుంచి చేసే ఆయుధ దాడి, అన్నారు. అంటే పిడికిలి వెపనే కదా? మంత్రం ఎందుకు పట్టదు?" అని వాడి వాదన. టీలు చల్లారిపోయాయి.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. బడిలో విగ్రహవాక్యాలు చెప్పించి చెప్పించి మనకు ఒక అలవాటు చేశారు. 'ఆయుధ దాడి' కనబడగానే 'ఆయుధము చేత దాడి, తృతీయా తత్పురుష' అని విప్పేస్తాం. నియమాల పుస్తకంలో అది విప్పకూడని మాట, ఒట్టి పేరు. బైరాగిపట్టెడలో అద్దెకు ఉంటున్నవాళ్లంతా బైరాగులా? డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ 2014 నియమాల్లో దాడులు రెండే జాతులు. మంత్రంతో చేసేది స్పెల్ అటాక్, తక్కినదంతా వెపన్ అటాక్. నమ్మకం లేకపోతే 2014 రాక్షసుల పుస్తకంలో మామూలు తోడేలు వివరాలు తీసి చూడండి, కాటు పక్కన మెలీ వెపన్ అటాక్ అనే ఉంటుంది. తోడేలు ఏ కత్తి పట్టుకుందని?

తప్పు పూర్తిగా మీదీ కాదు. 2014 ఆటగాళ్ల పుస్తకం తొలి ముద్రణల్లో ఆయుధాల పట్టికలోనే అన్‌ఆర్మ్‌డ్ స్ట్రైక్ (ఒట్టి చేతి దెబ్బ) ఒక వరుసగా ఉండేది. తర్వాతి సవరణలో దాన్ని పట్టికలోంచి తీసేసి, గుద్దు, తన్ను, తలతో కుమ్మడం ఏదీ ఆయుధం కింద లెక్కకు రాదని చేర్చారు. పాత ముద్రణ చదివిన అన్నయ్యల దగ్గర ఆట నేర్చుకున్నవాళ్లు ఈ గుంటలోనే పడుతుంటారు.

కాబట్టి వాక్యం దేన్ని అడుగుతోందో చూడండి, దాడినా, వస్తువునా? శత్రువును దిమ్మెరపోయేలా చేసే మాంక్ విద్య స్టనింగ్ స్ట్రైక్‌కు మెలీ వెపన్ అటాక్ తగిలితే చాలు, పిడికిలి సరిపోతుంది. మ్యాజిక్ వెపన్ మంత్రానికి ముట్టుకోవడానికి మాయ లేని ఆయుధం కావాలి, పిడికిలి చెల్లదు. నా అడ్డదారి ఒకటుంది: చెప్పులతో పాటు గుమ్మం దగ్గర వదిలి రాగలిగితే అది ఆయుధం. గోళ్లు, కోరలు ఉన్న జాతులకు ఇది పనికిరాదు. వాటి గొడవ వేరు.

వెండి ఉంగరం పెట్టుకుని గుద్దితే ఏమవుతుందని ఒక పాఠకురాలు అడిగారు. వేర్‌వుల్ఫ్ రక్షణకు మినహాయింపు ఉన్నది వెండి పూత వేసిన ఆయుధానికి, ఉంగరానికి కాదు. అయినా నా ఆటలో ఒక్కసారికి ఒప్పుకుంటాను, వేలు వాస్తుందని ముందే చెప్పి.

మరి మాంక్‌కు పనికొచ్చేవి ఏవి? అన్‌ఆర్మ్‌డ్ స్ట్రైక్ అని పేరు పెట్టి చెప్పినవి. ఇన్‌సిగ్నియా ఆఫ్ క్లాజ్ పతకం ఒకటి, ఎల్‌డ్రిచ్ క్లా టాటూ మరొకటి. రెండూ గుద్దుకు +1 ఇస్తాయి, గుద్దును మాయ దెబ్బగా మారుస్తాయి. పేర్లు వేరు కాబట్టి రెండూ ఉంటే +2. ఆదివారం ఆ కుర్రవాడి మెడలో పతకం ఉండి ఉంటే 16 కొట్టేవాడు, 9 దెబ్బా పూర్తిగా పడేది. 6వ లెవెల్‌కు చేరితే మాంక్ పిడికిలికి మాయ దానంతట అదే వస్తుంది, కానీ +1 రాదు. ఆ రెండింటినీ కలపకండి. 2025లో వచ్చిన రాక్షసుల పుస్తకంలో వేర్‌వుల్ఫ్‌కు ఈ రక్షణే లేదు. రెండు పుస్తకాలూ ముందేసుకుని ఆడకండి.

ఇక అట్యూన్‌మెంట్. ఒక్కో వస్తువుకు గంట విశ్రాంతి, ఒకేసారి మూడుకు మించకూడదు. టాటూకు కావాలి, పతకానికి అక్కర్లేదు. నేనైతే మొదటి చోటు కళ్లు మూసుకుని బ్రేసర్స్ ఆఫ్ డిఫెన్స్‌కు ఇస్తాను. కవచం, డాలు లేనివారికి ఆర్మర్ క్లాస్ 2 పెరుగుతుంది, మాంక్‌కు అవి ఎలాగూ ఉండవు. గాంట్లెట్స్ ఆఫ్ ఓగర్ పవర్ చూసి మోజు పడకండి. అవి బలాన్ని 19 చేస్తాయి, అంటే +4. డెక్స్ 18 ఉన్న మాంక్‌కు ఆ +4 ముందే ఉంది. గుద్దు మటుకు అవి దండగ.

అభ్యాసం, 2014 నియమాలతోనే చేయండి. 5వ లెవెల్ మాంక్, డెక్స్ 18, విజ్‌డమ్ 14. బ్రేసర్స్, టాటూ, ఓగర్ గాంట్లెట్స్‌కు అట్యూన్ అయ్యాడు. మెడలో పతకం, చేతిలో +1 కర్ర. ఆర్మర్ క్లాస్ ఎంత? కర్రతో రెండు దెబ్బలు, బోనస్ యాక్షన్‌తో ఒక గుద్దు వేస్తే ఒక్కోదానికి పాచికకు ఎంత కలపాలి? స్నేహితుడు క్లోక్ ఆఫ్ ప్రొటెక్షన్ ఇచ్చాడు, ఏది వదలాలి? మూడింటికీ జవాబుతో పాటు, పుస్తకంలోని ఏ మాట పట్టుకుని ఆ జవాబు చెప్పారో కూడా రాయండి. ఒట్టి అంకెలు పంపితే చూడను.