పిల్లల తొలి జింకల వేటకు రైఫిల్ ఎంచుకోవడం ఎలా?

టెక్సాస్‌లో పెరిగే తెలుగు పిల్లలు, నవంబరు వచ్చేసరికి బడిలో తోటివాళ్లు చెప్పుకొనే జింకల వేట కబుర్లు విని, తామూ వెళ్తామని ఇంట్లో అడగడం వింతేమీ కాదు. అప్పుడు తల్లిదండ్రులకు మొదట తోచేది, జింక పెద్ద జంతువు కాబట్టి తుపాకీ కూడా పెద్దదే కావాలని. పొరపాటు అక్కడే మొదలవుతుంది. తొలి రైఫిల్‌కు పిల్లవాడి భుజమే కొలత.

మన వైపు నుంచి వచ్చినవారికి వేట అన్న మాటే కొంత ఇబ్బందిగా ఉంటుంది. అందులో ఆశ్చర్యం లేదు. తెలంగాణ రాష్ట్ర జంతువు జింక, ఆంధ్రప్రదేశ్‌ది కృష్ణజింక. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అక్కడ వాటిని వేటాడితే జైలుశిక్ష తప్పదు. టెక్సాస్‌లో మాత్రం తెల్లతోక జింకలు లక్షల సంఖ్యలో ఉన్నాయి. వాటిని ఎప్పుడు, ఎన్ని, ఏ ఆయుధంతో వేటాడవచ్చునో రాష్ట్ర పార్కులు, వన్యప్రాణుల శాఖ నిర్ణయిస్తుంది. రైఫిళ్ల మీదా తూటాల మీదా ఉత్పత్తిదారులు కట్టే 11 శాతం కేంద్ర పన్ను, 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద వన్యప్రాణి సంరక్షణకే తిరిగి వెళ్తుంది.

దుకాణానికి వెళ్లేముందు తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. మన కుటుంబాల్లో చాలామంది దీన్ని పట్టించుకోరు. హెచ్-1బి, హెచ్-4 వంటి వలసేతర వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని అమెరికా కేంద్ర చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు చేతిలో ఉన్నవారికి ఆ చట్టంలోనే మినహాయింపు ఉంది. అయితే టెక్సాస్‌లో ఏడాది వేట లైసెన్సు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తోనే ముగుస్తుంది కాబట్టి, సెప్టెంబరు 1న కొత్త లైసెన్సు తీసుకోకపోతే బీరువాలో ఉన్న రైఫిలే నేరానికి సాక్ష్యమవుతుంది. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ చిక్కు లేదు. వీసా మీద ఉన్నవారు కొనేముందు ఒక న్యాయవాదిని సంప్రదించడం మంచిది; ఆ ఫీజు రైఫిల్ ధర కన్నా ఎక్కువైనా సరే. 18 ఏళ్ల లోపు వారికి లైసెన్సు ఉన్న దుకాణదారు రైఫిల్ అమ్మకూడదు. అందుచేత కొనేది తల్లి లేదా తండ్రి, నేపథ్య తనిఖీకి ఫారం నింపేదీ వారే. తన పిల్లలకు బహుమతిగా కొనడాన్ని చట్టం తప్పుపట్టదు. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు వేటగాళ్ల శిక్షణ కోర్సు పూర్తిచేయాలన్నది టెక్సాస్ నియమం. పిల్లలకు 9 ఏళ్లు నిండితే ఆ సర్టిఫికెట్ ఇస్తారు. తండ్రీ బిడ్డా కలిసి ఆ కోర్సు చేస్తే, రైఫిల్ గురించిన సగం సందేహాలు కొనకముందే తీరిపోతాయి.

ఇక అసలు విషయం. తూటా ఎంత బరువుగా ఉండి, ఎంత వేగంతో ముందుకు దూకితే రైఫిల్ అంత బలంగా వెనక్కి తన్నుతుంది. ఆ తన్నును ఫుట్-పౌండ్లు అనే శక్తి ప్రమాణంలో కొలుస్తారు. కింద వచ్చే .243, .308 వంటివి తూటా రకాల పేర్లు. సుమారు ఏడున్నర పౌండ్ల బరువున్న రైఫిల్‌లో .243 వించెస్టర్ దాదాపు 9 ఫుట్-పౌండ్ల తన్ను తంతుంది, 6.5 క్రీడ్‌మోర్, 7ఎంఎం-08 రెండూ 12 ప్రాంతంలో ఉంటాయి; .308 వించెస్టర్ 17 వరకు పోతుంది. తాతల కాలం నుంచి అమెరికా వేటగాళ్లు నెత్తిన పెట్టుకున్న .30-06 అయితే 20 దాటవచ్చు. పన్నెండేళ్ల పిల్లవాడు 20 ఫుట్-పౌండ్ల దెబ్బ రెండుసార్లు తిన్నాక, మూడోసారి ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూసుకుంటాడు, భుజం బిగిస్తాడు, వేలితో మెల్లగా నొక్కవలసిన ట్రిగ్గర్‌ను గుంజేస్తాడు. గుండు గురి తప్పుతుంది. కాగితం మీద అది ఒక రంధ్రం మాత్రమే. జింక మీద అయితే విరిగిన కాలో, చీలిన పొట్టో అవుతుంది. ఒకసారి పట్టుకున్న ఈ బెదురును వదిలించడానికి నెలలు పడుతుంది, కొందరిని అది పెద్దయ్యాక కూడా వదలదు. అందుకే పెద్ద క్యాలిబర్ (తూటా సైజు) ఇచ్చి పిల్లవాడిని రాటుతేలుస్తామనుకునే తండ్రులతో నేను ఏకీభవించలేను.

నా ఓటు .243 వించెస్టర్‌కే. .308 కార్ట్రిడ్జ్ (మందు, గుండు కలిసిన పూర్తి తూటా) మెడను సన్నంగా నొక్కి 1955లో దీన్ని తయారుచేశారు. 100 గ్రెయిన్ల (దాదాపు ఆరున్నర గ్రాముల) గుండు సెకనుకు సుమారు 2,960 అడుగుల వేగంతో బయలుదేరి, 200 గజాల దూరంలో కూడా 1,300 ఫుట్-పౌండ్ల శక్తిని నిలుపుకుంటుంది. జింకకు 1,000 ఉంటే చాలని పాత వేటగాళ్ల లెక్క. టెక్సాస్ హిల్ కంట్రీ జింకలు ఉత్తరాది రాష్ట్రాల జింకల కన్నా చిన్నవి కూడా. అయితే తూటాల డబ్బా కొనేటప్పుడు జాగ్రత్త అవసరం. ఇదే క్యాలిబర్‌లో 55, 58 గ్రెయిన్ల తేలిక గుళ్లు దొరుకుతాయి. అవి నక్కల వంటి చిన్న జంతువుల కోసం చేసినవి, జింక భుజానికి తగిలి పైపైనే ముక్కలైపోతాయి. వేటకు 95 నుంచి 100 గ్రెయిన్ల, మెత్తని సీసపు కొన ఉన్న సాఫ్ట్‌పాయింట్ గుళ్లే తీసుకోవాలి. పదిహేనేళ్లు దాటి, ఒళ్లు చేసిన పిల్లలకు 7ఎంఎం-08 గానీ 6.5 క్రీడ్‌మోర్ గానీ బాగుంటుంది. పెద్దయ్యాక కూడా మార్చుకోనక్కరలేదు. .223తో వేటాడటం టెక్సాస్‌లో చట్టబద్ధమే గానీ, గురి రెండంగుళాలు పక్కకు పోయినా నిలబెట్టే శక్తి అందులో తక్కువ కాబట్టి, కొత్తగా నేర్చుకునేవారి చేతికి దాన్ని ఇవ్వను. ఒహాయో వంటి కొన్నిచోట్ల జింకల వేటకు రైఫిళ్లలో మెడ సన్నబడని నిటారు గోడల కార్ట్రిడ్జ్‌లనే అనుమతిస్తారు. అక్కడి పిల్లలకు 2019లో వచ్చిన .350 లెజెండ్ తన్ను తక్కువగా ఉండి సరిపోతుంది.

క్యాలిబర్ తర్వాత చూడవలసింది స్టాక్ పొడవు, అంటే ట్రిగ్గర్ నుంచి భుజానికి ఆనే చివరి వరకు ఉండే దూరం. పెద్దల రైఫిళ్లలో ఇది 13.5 అంగుళాలకు అటూఇటూగా ఉంటుంది. పిల్లల కోసం చేసినవాటిలో 12 నుంచి 12.5 అంగుళాలు. దుకాణంలోనే కొలిచి చూడవచ్చు. పిల్లవాడు మోచేతిని లంబకోణంలో మడిచి, స్టాక్ చివరను మోచేతి మడతలో ఆనించినప్పుడు, చూపుడువేలి మొదటి కణుపు ట్రిగ్గర్‌ను హాయిగా తాకాలి. వేలు సాగదీయవలసి వస్తే ఆ స్టాక్ పొడవైపోయినట్టే. వేటనాటి ఉదయం వేసుకునే మందపాటి కోటు ఒక అరంగుళం మింగేస్తుంది కనుక, ఆ కోటు తొడిగించే కొలవాలి. పిల్లలు బీరకాయ పాదుల్లా ఎదిగిపోతారు కాబట్టి, మధ్యలో ముక్కలు చేర్చి పొడవు పెంచుకోగల స్టాక్ ఉంటే డబ్బు వృథా కాదు. మాస్‌బర్గ్ పేట్రియట్ సూపర్ బాంటమ్‌లో ఈ సదుపాయం ఉంది. రూగర్ అమెరికన్ కాంపాక్ట్, సావేజ్ యాక్సిస్ యూత్ కూడా ఈ తరగతిలో నమ్మకంగా కొనదగినవే.

బరువు విషయంలో చాలామంది బోల్తాపడతారు. చిన్న చేతులకు తేలిక రైఫిల్ మేలని అనిపిస్తుంది, కానీ అదే తూటా తేలిక రైఫిల్‌లో ఇంకా గట్టిగా తన్నుతుంది. టెక్సాస్‌లో జింకల వేట ఎక్కువగా మంచె లాంటి గూట్లో కూర్చుని, రైఫిల్‌ను కిటికీ మీదో కర్రల ఊత మీదో ఆనించి చేసేదే గనుక, స్కోపుతో (గురి చూసే దుర్భిణితో) కలిపి ఏడు, ఏడున్నర పౌండ్లు ఉన్నా ఇబ్బంది ఉండదు. చివరన మెత్తని రబ్బరు ప్యాడ్ తప్పనిసరి. తన్ను తగ్గించడానికి బ్యారెల్ మూతికి మజిల్ బ్రేక్ అనే రంధ్రాల గొట్టం బిగించమని కొందరు సలహా ఇస్తారు. అది శబ్దాన్ని పక్కలకు మళ్లించి, కాల్చేవారి చెవికీ పక్కన కూర్చున్నవారి చెవికీ హాని చేస్తుంది. అది లేకపోయినా ఇలాంటి వేట రైఫిల్ మోత 160 డెసిబెళ్ల దాకా ఉంటుంది, కాబట్టి సాధన చేసే ప్రతిసారీ చెవుల్లో ప్లగ్గులు, వాటిపైన మఫ్‌లు రెండూ పెట్టించాలి. పిల్లలు బెదిరేది సగం తన్నుకైతే సగం చప్పుడుకే.

తూటా నింపే యంత్రాంగంలో, ప్రతి తూటాకూ చేత్తో పిడి లాగి నెట్టే బోల్ట్ యాక్షన్‌ను మించినది లేదు. బోల్ట్ తెరిస్తే లోపల తూటా ఉందో లేదో పక్కన నిలుచున్న తండ్రికి కూడా కనిపిస్తుంది. సేఫ్టీ (పొరపాటున పేలకుండా ఆపే మీట) వేసి ఉండగానే బోల్ట్ తెరిచి తూటా తీయగలిగే ఏర్పాటు ఉంటే మరీ మంచిది. ఒకే తూటా పట్టే సింగిల్‌షాట్ కూడా మంచి గురువే. ట్రిగ్గర్ కిందుండే మీటను ఆడించి తూటా నింపే .30-30 లీవర్ రైఫిల్ అందంగా ఉంటుంది, కానీ కాల్చకుండా వదిలేసినప్పుడు దాని సుత్తిని బొటనవేలితో మెల్లగా దించవలసి వస్తుంది. చలికి బిగుసుకున్న చిన్న వేళ్లతో ఆ పని చేయించడం నాకు ఇష్టం లేదు. పిల్లవాడు ఎడమచేతివాటమైనా, కుడిచేతివాడై ఉండి ఎడమ కన్ను బలంగా ఉన్నా, ఎడమవైపు బోల్ట్ ఉన్న రైఫిల్ వెతకాలి.

స్కోపు 2-7 లేదా 3-9 రెట్ల పెద్దది చేసి చూపేదైతే చాలు. కంటికీ స్కోపుకీ మధ్య కనీసం మూడున్నర అంగుళాల దూరం ఉండాలి, లేకపోతే మొదటి తూటాకే కనుబొమ్మ చిట్లుతుంది. స్కోపుతో కలిపి అమ్మే మామూలు రైఫిల్ 400 నుంచి 600 డాలర్లలో దొరుకుతుంది. తాళం వేసే ఇనుప పెట్టెను కూడా ఆ ఖర్చులోనే కలుపుకోవాలి. 17 ఏళ్ల లోపు పిల్లలకు తూటా నింపిన తుపాకీ అందేలా నిర్లక్ష్యంగా వదిలేస్తే టెక్సాస్‌లో పెద్దలు శిక్షార్హులు. తూటాలకు వేరే తాళం, వేరే చోటు.

కొన్న రైఫిల్‌ను మొదటి రోజే కాల్పించకూడదు. ముందుగా తన్ను దాదాపు లేని చిన్న .22 రైఫిల్‌తో కొన్ని వందల తూటాలు కాల్పించి, గురి, ఊపిరి బిగబట్టడం, ట్రిగ్గర్ నొక్కడం అలవాటయ్యాకే .243 చేతికివ్వాలి, అదీ ఒక్క పూటకు పదికి మించకుండా. మధ్యమధ్యలో పిల్లవాడికి తెలియకుండా ఉత్తి డమ్మీ తూటా పెట్టి నొక్కమంటే, బెదురు ఉందో లేదో బ్యారెల్ మూతి కదలికే చెప్పేస్తుంది. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు దాదాపు ఎనిమిది అంగుళాల వెడల్పు, అంటే చిన్న కాగితపు పళ్లెమంత. అలాంటి పళ్లేన్ని 50 గజాల దూరంలో పెట్టి, గూట్లో కూర్చునే పద్ధతిలోనే వరుసగా ఐదు తూటాలు కాల్పించి చూడాలి. ఐదూ అందులో పడితే దూరం పెంచాలి, ఒక్కటి బయటపడినా అక్కడే ఆపాలి. ఆ దూరమే ఆ పిల్లవాడికి ఆ ఏటి హద్దు. అక్టోబరు చివర్లో, పెద్దల రైఫిల్ సీజను కన్నా ముందే, 16 ఏళ్లు, ఆ లోపు వయసు వారి కోసం ప్రత్యేకంగా ఒక వారాంతం ఉంటుంది. అప్పటికి ఈ పరీక్ష పూర్తికాకపోతే, రైఫిల్‌ను పెట్టెలోనే ఉంచి, పిల్లవాడి చేతికి బైనాక్యులర్ ఇచ్చి గూట్లో పక్కన కూర్చోబెట్టుకోవచ్చు.