తొలిసారి సముద్రం ఊరికి: హైదరాబాద్ నుంచి వర్కలకు మూడు రాత్రుల ప్లాన్ ఎలా వేసుకోవాలి?

హైదరాబాద్‌లో సముద్రం ట్రిప్ అనుకోగానే లిస్టు పెరగడం మొదలవుతుంది. కేరళ తీరంలోని వర్కల, అలెప్పీలో హౌస్‌బోట్, మున్నార్, “ఎలాగూ అంత దూరం పోతున్నాం కదా” అని చివర్లో కన్యాకుమారి. నాలుగు రోజుల్లో ఇవన్నీ కుక్కితే సగం పగళ్లు కారులోనే పోతాయి. వర్కల నుంచి మున్నార్ ఒక్కదానికే ఆరేడు గంటలు, పైగా చివరంతా ఘాట్ రోడ్డు. పిల్లలకు వాంతులు, పెద్దవాళ్లకు నడుము నొప్పి, సముద్రం దగ్గర ఉన్నది మాత్రం గంటన్నర. మొదటిసారి వెళ్లేవాళ్లకు ఒకటే ఊరు, ఒకటే రూము, మూడు రాత్రులు. దీంట్లో బేరం లేదు.

వర్కలే ఎందుకంటే, ఊరు చిన్నది. ఎర్రటి కొండ అంచు నేరుగా సముద్రం మీదికి నిలబడి ఉంటుంది. పైన నడకదారి, హోటళ్లు, కింద ఇసుక. పడమటి తీరం కాబట్టి పొద్దు నీళ్లలోకే గుంకుతుంది. విశాఖలోనో సూర్యలంకలోనో నిద్ర చెడగొట్టుకుని చూడాల్సిన దృశ్యం ఇక్కడ తీరిగ్గా సాయంత్రం ఆరున్నరకు దొరుకుతుంది. ఇంకో పెద్ద లాభం, కొండ పైనుంచి చూస్తే నీళ్లు ఎటు పోతున్నాయో తెలుస్తుంది. అది ఎందుకు ముఖ్యమో కిందికి వచ్చాక చెప్తాను.

నెల

జనవరి 20 నుంచి మార్చి మొదటి వారం వరకు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అక్కడ నైరుతి వానలు, అలలు ఇసుకను కోసేస్తాయి, బీచ్ సన్నబడిపోతుంది. అక్టోబర్, నవంబర్‌లలో మళ్లీ వానలు. డిసెంబర్‌లో వాతావరణం బాగుంటుంది కానీ క్రిస్మస్, కొత్త సంవత్సరం రేట్లు ఉంటాయి. పైగా నవంబర్ మధ్య నుంచి సంక్రాంతి దాకా అయ్యప్ప స్వాముల సీజన్, సికింద్రాబాద్ నుంచి వెళ్లే శబరి ఎక్స్‌ప్రెస్‌లో బెర్తు దొరకదు. మకరజ్యోతి అయ్యాక రైలూ ఖాళీ అవుతుంది, ఊరూ ఖాళీ అవుతుంది. సోమవారమో మంగళవారమో బయలుదేరండి. లాంగ్ వీకెండ్ వదిలేయండి.

ప్రయాణం

మూడు రాత్రులకైతే విమానమే. శంషాబాద్ నుంచి తిరువనంతపురం, అక్కణ్నుంచి వర్కల సుమారు 40 కిలోమీటర్లు. ఎయిర్‌పోర్టు నుంచి టాక్సీ తీసుకోవచ్చు. సామాను తక్కువుంటే తిరువనంతపురం స్టేషన్‌కు వెళ్లి రైలెక్కితే గంటలోపే వర్కల శివగిరి స్టేషన్‌లో దిగుతారు. స్టేషన్ బయట ఆటో అతనికి “హెలిప్యాడ్” అని చెప్తే చాలు, కొండ మీద దింపుతాడు. వారం సెలవు ఉన్నవాళ్లకు శబరి ఎక్స్‌ప్రెస్ మంచిది, నేరుగా వర్కలలోనే ఆగుతుంది, కానీ ప్రయాణం ఒక రోజుకు మించుతుంది. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది, ఆ రోజే చేసుకోండి. మధ్యాహ్నం రెండింటికల్లా రూముకు చేరేలా టికెట్ తీసుకోండి. తెల్లవారుజామున మూడింటికి ఇంట్లోంచి బయలుదేరే ఫ్లైట్ వద్దు. మొదటి రోజంతా నిద్రమత్తులో పోతుంది.

రూము

కొండ అంచున ‘సీ వ్యూ’ రూము తీసుకోకండి. మధ్యాహ్నం రెండు నుంచి పడమటెండ నేరుగా గోడలకు కొడుతుంది, రాత్రి పొద్దుపోయేదాకా హోటళ్ల పాటలు వినిపిస్తాయి. రెండు మూడు వందల మీటర్లు వెనక్కి, కొబ్బరిచెట్ల మధ్య సందుల్లో ఉండే హోమ్‌స్టేలు చల్లగా ఉంటాయి, రేటూ తక్కువ. వరండా, బట్టలారేసుకోను తీగ ఉన్నాయో లేదో ఫోన్‌లో అడగండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే పాపనాశం బీచ్ వైపు రూము చూడండి. అక్కడ రోడ్డు ఇసుక దాకా దిగుతుంది. కొండ మీద నుంచైతే నిట్టనిలువు మెట్లు.

సామాను

ఇద్దరికి ఒక బ్యాగు. త్వరగా ఆరే షార్ట్‌లు, టీషర్టులు రెండేసి జతలు, లుంగీ, టోపీ, ఎస్పీఎఫ్ 50 సన్‌స్క్రీన్, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, రబ్బరు చెప్పులు, తడిబట్టలకు ప్లాస్టిక్ కవర్లు. జీన్స్ వద్దు, అక్కడి తేమకు రెండు రోజులైనా ఆరవు.

నీళ్లలోకి దిగడం

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే, ఆ తప్పు ప్రాణం మీదికి వస్తుంది. సముద్రం లేని ఊళ్లో పెరిగినవాళ్లకు నీళ్లంటే స్విమ్మింగ్ పూలో చెరువో. అందులో నీళ్లు కదలవు. సముద్రంలో నడుంలోతు నీళ్లు కూడా మనిషిని పడగొడతాయి. ఈత వచ్చినవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

అలలు ఒడ్డుకు తెచ్చిన నీళ్లు మళ్లీ లోపలికి పోవాలి. ఇసుక మేటల మధ్య ఎక్కడ లోతైన కాలువ లాంటి జాగా ఉంటే అక్కడ పోగై, ఒక్క ధారగా లోపలికి పరుగెత్తుతాయి. దీన్నే రిప్ కరెంట్ అంటారు. మోసం ఎక్కడుందంటే, ఆ కాలువ లోతుగా ఉంటుంది కాబట్టి దాని మీద అల విరగదు. అటూ ఇటూ తెల్లటి నురగ, మధ్యలో ఒక ముదురు రంగు పట్టీ, నున్నగా, ప్రశాంతంగా. పిల్లల్ని తీసుకుని వచ్చినవాళ్లు సరిగ్గా ఆ ‘అలలు లేని చోటు’నే ఎంచుకుంటారు.

కాబట్టి మొదటి సాయంత్రం నీళ్లలోకి దిగొద్దు. కొండ పైన నిలబడి పదిహేను నిమిషాలు కింద సముద్రాన్ని చూడండి. నురగ వరసలు ఎక్కడ తెగుతున్నాయి? చెత్త, నురగ, కలక నీళ్లు ఎక్కడ ఒడ్డు నుంచి లోపలికి జారుతున్నాయి? ఆ జాగాకు ఎదురుగా ఒడ్డు మీద ఉన్న గుర్తు ఒకటి మనసులో పెట్టుకోండి. మర్నాడు దిగేముందు మళ్లీ చూడండి, ఎందుకంటే ఇసుక మేటలు జరుగుతాయి, కాలువా జరుగుతుంది.

దిగేది లైఫ్‌గార్డు కనిపించే చోటే. ఎర్ర జెండా ఉంటే ఆ రోజుకు ఒడ్డునే ఉండండి. విజిల్ వేస్తే వాదించకుండా బయటికి రండి. ఈత రానివాళ్లకు హద్దు మోకాలు, వచ్చినవాళ్లకు నడుము. సముద్రానికి వీపు పెట్టకూడదు, సెల్ఫీకి కూడా. పిల్లల్ని వేళ్లు కాదు, మణికట్టు పట్టుకోండి. తడి వేళ్లు జారిపోతాయి. ఆడవాళ్లు చున్నీ, చీర ఒడ్డునే వదిలేయండి. నీళ్లు పీల్చిన గుడ్డ బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటుంది, లేవనివ్వదు. మందు తాగినవాళ్లు నీళ్లకు దూరం. చీకటి పడ్డాక ఎవరూ దిగొద్దు.

లాగేసిందనుకోండి. ఒడ్డు వైపు ఈదకండి, ఆ ధారను మంచి ఈతగాడు కూడా గెలవలేడు, అలసిపోయి మునుగుతాడు. అది లోపలికి మోసుకుపోతుందే గాని అడుక్కి లాగదు. వెల్లకిలా తేలండి, చెయ్యి పైకెత్తండి. ఈత వస్తే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదండి. ధార సన్నగా ఉంటుంది, కొంత దూరంలో వదిలేస్తుంది. తర్వాత నురగ ఉన్న చోటు నుంచి అలలతో పాటు ఒడ్డుకు రండి. ఒడ్డున ఉన్నవాళ్లు చేతులు పట్టుకుని గొలుసుగా లోపలికి వెళ్లొద్దు. ఒకరి కోసం వెళ్లి నలుగురు పోయేది ఇలాగే. లైఫ్‌గార్డును పిలవండి, మూత బిగించిన ఖాళీ నీళ్ల డబ్బా విసరండి. అది పట్టుకుంటే తేలుతారు.

దీనికి తోడు కేరళ తీరంలో ‘కల్లక్కడల్’ అని ఒకటుంది, దొంగలా వచ్చే సముద్రం అని అర్థం. ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో పుట్టిన అలలు ఇక్కడ గాలీ వానా లేకుండానే ఒడ్డు మీదికి ఎక్కుతాయి. వేసవిలోనే ఎక్కువ. దాని హెచ్చరికలు ఇచ్చే ఇన్‌కాయిస్ సంస్థ హైదరాబాద్‌లోనే, ప్రగతినగర్‌లో ఉంది. బయలుదేరే ముందు రోజూ, అక్కడ ఉన్న ప్రతి ఉదయమూ వాళ్ల సూచన చూడండి. క్యాలెండర్‌లో తిథి కూడా చూసుకోండి. అమావాస్యకు, పౌర్ణమికి పోటు ఎక్కువ, కొండ కింద ఇసుక ఇంకా సన్నబడుతుంది. అలాంటప్పుడు జనం కొండ గోడకు ఆనుకుని కూర్చుంటారు. కూర్చోవద్దు, పెళ్లలు ఊడిపడతాయి.

రోజులు

రెండో రోజు, మూడో రోజు ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా నీళ్లు. పుట్టు (బియ్యప్పిండిని ఆవిరి మీద ఉడికించేది), కడల కూర (నల్ల శనగల కూర) తిని, మధ్యాహ్నమంతా నిద్ర. నాలుగున్నరకు మళ్లీ కిందికి. ఒక ఉదయం జనార్దనస్వామి గుడికి వెళ్లండి. మగవాళ్లు చొక్కా విప్పాలి, పంచె పెట్టుకోండి. పాపనాశం ఒడ్డున పొద్దున పితృకర్మలు చేస్తుంటారు, ఆ జాగాలో ఈతలు, ఫొటోలు వద్దు. ఒక సాయంత్రం ఆటోలో కాప్పిల్ వెళ్తే ఒకపక్క సముద్రం, ఒకపక్క బ్యాక్‌వాటర్. అంతకంటే ఏదీ పెట్టుకోకండి.

రాత్రి కొండ మీద హోటళ్ల ముందు ఐసు మీద చేపలు పరుస్తారు. కన్ను ఉబ్బెత్తుగా, తేటగా ఉండాలి. లోపలికి కుంగి తెల్లబడితే పాతది. మొప్ప ఎత్తి చూపమనండి, ఎర్రగా ఉంటేనే తీసుకోండి. మన వంజరాన్ని అక్కడ నెయ్‌మీన్ అంటారు, చందువాను ఆవోలి. రేటు కిలోకా, చేపకా, వండినందుకు వేరే తీసుకుంటారా అనేది తూకం వేయకముందే అడగండి. మసాలా రుద్దాక బేరం కుదరదు.

తిరుగు రోజు

ఆ పొద్దున నీళ్లలోకి వెళ్లొద్దు, బట్టలు ఆరవు. ఫ్లైట్‌కు నాలుగు గంటల ముందు రూము వదలండి. అరటికాయ చిప్స్ ఎయిర్‌పోర్టులో కాకుండా వర్కల బజారులో, కొబ్బరినూనెలోంచి అప్పుడే తీసినవి కొనండి. చల్లారాకే ప్యాక్ చేయించండి, వేడి మీద మూట కడితే హైదరాబాద్ చేరేసరికి మెత్తబడతాయి.