లైబ్రరీ వర్చువల్ టూర్ తయారు చేద్దాం – రెండో పాఠం: ముందు కాగితం మీద దారి

వర్చువల్ టూర్ అంటే నలువైపులా చూపే ఫొటోలను బాణాలతో కలిపి, ఇంటి దగ్గరే కూర్చుని లైబ్రరీ అంతా తిరిగి చూసేలా చేయడం. మొదటి పాఠంలో రెండు పనులు చెప్పాను. ఒకటి, మీ లైబ్రరీలో ఫొటోలు తీసుకోవడానికి అనుమతి లేఖ ఇవ్వడం. రెండు, కొత్తగా వచ్చేవాళ్లు ఏమేం అడుగుతున్నారో లైబ్రేరియన్ గారిని అడిగి రాసుకోవడం. శాఖా గ్రంథాలయమైతే లేఖ జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి వెళ్లాలి కాబట్టి జవాబుకు కొంత టైం పట్టవచ్చు. ఈలోపు ఈ పాఠం పని పూర్తి చేసుకోండి. దీనికి కెమెరా అక్కర్లేదు. తెల్ల కాగితాలు, పెన్సిల్, కొలత టేపు ఉంటే చాలు.

ఇవాళ దారి గీస్తాం. చాలా టూర్లు ఇక్కడే దెబ్బతింటాయి. గేటు, మెట్లు, హాలు, పై అంతస్తు అంటూ భవనం ఎలా ఉంటే అలా చూపించుకుంటూ పోతారు. చూసినవాళ్లకు భవనం బాగుందని తెలుస్తుంది కానీ, లోపలికి వెళ్లాక ఎవరిని ఏం అడగాలో తెలియదు. మీరు రాసుకొచ్చిన ప్రశ్నలే టూర్‌కు ఆధారం. ఏ ప్రశ్నకూ జవాబు చెప్పని గదిని, అది ఎంత అందంగా ఉన్నా, మొదటి విడతలో పక్కన పెట్టేయండి.

హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయాన్ని ఉదాహరణగా తీసుకుందాం. 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైన ఈ సంస్థ 1936 నుంచి మూసీ ఒడ్డున ఉన్న పెద్ద భవనంలో నడుస్తోంది. తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్, హిందీతో పాటు ఇతర భాషల పుస్తకాలూ ఉన్నాయి. పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు రోజూ వస్తారు. అంత గంభీరమైన కట్టడం ముందు నిలబడితే మొదటిసారి వచ్చినవాళ్లకు కాస్త బెరుకుగానే ఉంటుంది. ఆ బెరుకు తీర్చడమే మన పని.

ఇక్కడికి వచ్చే ఇద్దరిని ఊహించుకోండి. గ్రూప్స్‌కు ప్రిపేరవుతూ జిల్లా నుంచి వచ్చిన అమ్మాయి ఒకరు. సొంత పుస్తకాలు లోపలికి తీసుకెళ్లొచ్చా, బ్యాగు ఎక్కడ పెట్టాలి, కూర్చోవడానికి చోటు దొరుకుతుందా, మంచినీళ్లు, టాయిలెట్ ఎక్కడ అన్నవి ఆమె ప్రశ్నలు. పాత ఉర్దూ పుస్తకం కోసం వచ్చిన పరిశోధకుడు ఇంకొకరు. కేటలాగ్ ఎక్కడ చూడాలి, పుస్తకం ఎవరు తీసిస్తారు, ఫొటో తీసుకోవచ్చా అన్నవి ఆయనవి. గేటు ఇద్దరికీ ఒకటే, ఆ తర్వాత దారులు వేరు. అందుకని లోపలి మొదటి స్టాప్‌లోనే, అంటే టూర్‌లో ఆగి చూసే మొదటి చోటులోనే, ‘చదువుకోవడానికి వచ్చాను’, ‘పుస్తకం వెతకడానికి వచ్చాను’ అని రెండు బటన్లు పెట్టాలి.

ఇదే పనిని వేటపాలెం సారస్వత నికేతనానికి చేస్తే దారి పూర్తిగా మారిపోతుంది. 1918లో పుట్టిన ఆ గ్రంథాలయం పాత తెలుగు పత్రికలకు పేరుపొందింది. దాని భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడ ఉంది. టూర్ చేసేవాళ్లకు కర్రతోనే మొదలుపెట్టాలనిపించడం సహజం. నేనైతే దాన్ని పక్కదారిలో ఒక స్టాప్‌గా ఉంచుతాను. తాతగారి వ్యాసం ఏదో పాత పత్రికలో ఉందని విని అమెరికాలో కూర్చుని వెతుకుతున్న మనిషికి మొదట కావలసింది పత్రికల సంపుటాలు ఎలా అమర్చారో, వాటి కోసం ఎవరికి రాయాలో. అది తెలిశాక కర్రను చూసి ఆయనే మురిసిపోతారు.

ఇప్పుడు గీయడం మొదలుపెట్టండి. గేటు నుంచి లోపలికి నడుస్తూ గదుల అమరికను చేత్తోనే గీయండి. ఖచ్చితమైన స్కేలు అవసరం లేదు కానీ తలుపులు, కిటికీలు, బీరువాలు, స్తంభాలు తప్పకుండా గుర్తించండి. ఏ కిటికీలోంచి ఏ వేళకు ఎండ పడుతుందో పక్కన రాయండి. తర్వాత కెమెరా నిలబెట్టే చోట్లకు చుక్కలు పెట్టండి. మొదటి టూర్‌కు పది, పన్నెండు చుక్కలు దాటకండి.

చుక్క పెట్టేటప్పుడు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. ఒక చుక్క దగ్గర నిలబడితే తర్వాతి చుక్క కంటికి కనిపించాలి. మధ్యలో గోడ అడ్డొస్తే, బాణం నొక్కగానే ఎక్కడికో ఎగిరిపడినట్టు అయి చూసేవాళ్లు దారి తప్పుతారు. మలుపులో తప్పకుండా ఒక చుక్క ఉండాలి. 360 డిగ్రీల కెమెరాలు ఎక్కువగా రెండు లెన్సుల బొమ్మలను అతికిస్తాయి. మరీ దగ్గరగా ఉన్న వస్తువులు ఆ అతుకు దగ్గర విరిగినట్టు కనిపిస్తాయి. అందుకే కెమెరా చుట్టూ కనీసం ఒక మీటరు ఖాళీ ఉండే చోటు చూడండి. ఇరుకు ర్యాకుల మధ్య అది కుదరదు కాబట్టి వరస మొదట్లో నిలబెట్టి, లోపలి పుస్తకాలను మామూలు ఫొటోతో చూపించండి. కెమెరా ఎత్తు అన్ని చోట్లా ఒకటే ఉండాలి. ఐదడుగులు సరిపోతుంది. ఇంకో ముఖ్యమైన విషయం: ఈ కెమెరా నలువైపులా చూస్తుంది కాబట్టి, ఫోన్‌తో క్లిక్ చేసే మనిషి దాక్కోవడానికి ప్రతి చుక్క దగ్గరా ఒక తలుపో బీరువానో కావాలి. ఆ చోటును కూడా ఇప్పుడే గుర్తించండి.

అన్నిటికంటే ఎక్కువ టైం స్టాప్ కాగితాలకు ఇవ్వండి. ఒక్కో చుక్కకు ఒక కాగితం. ఈ స్టాప్ ఏ ప్రశ్నకు జవాబు చెబుతుందో పైన రాయాలి. బొమ్మ తెరుచుకోగానే కళ్లు ఎటు చూడాలో, ఎక్కడికి బాణాలు ఉండాలో, చదివే నాలుగు మాటలు ఏమిటో దాని కింద. తెలుగు పుస్తకాల ర్యాకుల దగ్గర స్టాప్ ఉందనుకోండి. డ్యూయీ పద్ధతి (విషయాన్ని బట్టి పుస్తకాలకు అంకెలు ఇచ్చే పద్ధతి) పాటించే లైబ్రరీ అయితే రాత ఇలా ఉండొచ్చు: ‘తెలుగు సాహిత్యం 894.827 అంకె దగ్గర మొదలవుతుంది. పుస్తకం వీపు మీది అంకె చూసి వెతకండి. చూసిన పుస్తకాన్ని మళ్లీ ర్యాకులో పెట్టకండి, బల్ల మీద ఉంచండి, సిబ్బంది సర్దుతారు.’ ఇంతే. ‘విశాలమైన, ప్రశాంతమైన వాతావరణం’ లాంటి మాటలు కొట్టేయండి. హాలు విశాలంగా ఉంటే బొమ్మే చూపిస్తుంది.

వేళలు, సెలవులు, సభ్యత్వ రుసుము, డిపాజిట్ మారుతూ ఉంటాయి. వాటిని బొమ్మలోనూ మాటల రికార్డింగ్‌లోనూ పెట్టకండి. సులువుగా దిద్దగలిగే రాతలోనే పెట్టి, ఎవరు దిద్దాలో లైబ్రరీలో ఒకరిని ఇప్పుడే మాట్లాడుకోండి. అలా పెట్టుకోకపోతే ఏడాది తిరిగేసరికి టూర్ తప్పుదారి పట్టిస్తుంది.

కాగితం కింద ‘కనిపించకూడనివి’ అని ఒక గీత గీసి రాయండి. సంతకాల రిజిస్టర్‌లోని పేర్లు, ఫోన్ నంబర్లు, ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారో తెలిపే కార్డులు, చదువుకుంటున్నవాళ్ల ముఖాలు, ముఖ్యంగా పిల్లలవి. కాపీరైట్ ఉన్న పుస్తకాలను తెరిచి పేజీలు చదవగలిగేంత దగ్గరగా తీయకండి. మన దేశంలో రచయిత కన్నుమూశాక 60 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది.

మెట్లు ఉన్నచోట ర్యాంపు ఉందో లేదో రాయడం మరిచిపోకండి. వీల్‌చెయిర్‌లో వచ్చేవారు ఇంటి దగ్గరే తెలుసుకోవాలనుకునే మొదటి సంగతి అదే. చూపు లేనివాళ్ల కోసం స్టాపుల రాతలన్నీ వరసగా ఒకే పేజీలో కూడా పెడతాం. వాళ్ల ఫోన్ ఆ పేజీని చదివి వినిపిస్తుంది. అందుకని ఏ స్టాప్‌లోనూ ‘ఇక్కడ చూడండి’ అని రాయకుండా, ‘తలుపుకు కుడి వైపున’ అని రాయండి.

ఈ విడత అభ్యాసం: గీసిన దారినీ స్టాప్ కాగితాలనూ ఆ లైబ్రరీకి ఎప్పుడూ వెళ్లని ఒకరి చేతిలో పెట్టండి. బ్యాగు ఎక్కడ పెడతావు, పుస్తకం కోసం ఎవరిని అడుగుతావు అని అడగండి. వాళ్లు తడబడిన చోట మీరు నోటితో సర్దిచెప్పకుండా కాగితాన్నే మార్చండి. మూడో పాఠంలో ట్రైపాడ్ నిలబెడతాం. కిటికీ వెలుతురుకు బొమ్మ తెల్లబోకుండా ఏం చేయాలో, పాత కాగితాల దగ్గర ఫ్లాష్ లేకుండా ఎలా తీయాలో అందులో చూద్దాం. ఎండ వేళలు రాసుకున్న కాగితం దగ్గర పెట్టుకుని రండి.